అమెరికాలో వలస తల్లిదండ్రుల ఆరోగ్య బీమా

అమెరికాలో స్థిరపడిన కొడుకులు, కూతుళ్ల దగ్గరికి పెద్దవయసులో చేరే విదేశీ తల్లిదండ్రులకు వైద్యఖర్చుల రక్షణ ఒకే పథకం కింద దొరకదు. సందర్శకుల బీమా, మార్కెట్‌ప్లేస్ పాలసీలు, మెడికెయిడ్, మెడికేర్ అనే నాలుగు దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో అర్హత. అక్కడే పనిచేసి పన్నులు కట్టినవారికి 65 ఏళ్లు నిండగానే మెడికేర్ అందుతుంది. అదే వయసులో గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో గ్రీన్‌కార్డు మీద దిగిన తల్లికి ఆ రోజు మెడికేర్ రాదు. వయసూ జబ్బూ ఒకటే అయినా ఇద్దరి బీమా వేరుగా ఉండటానికి మూడు కారణాలు: వలస హోదా, దేశంలో నివసించిన కాలం, అక్కడ పనిచేసిన కాలం. ఈ రంగంలోని నియమాలు దాదాపు అన్నీ ఈ మూడింటి చుట్టూ అల్లుకున్నవే.

చట్టాల నేపథ్యం

ఈ అంశానికి మూలమైన రెండు చట్టాలూ 1965లోనే వచ్చాయి. రెండింటిపైనా సంతకం అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌దే. జులై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ సమక్షంలో, మెడికేర్, మెడికెయిడ్‌లను ఏర్పరచిన చట్టంపై ఆయన సంతకం చేశారు. అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించింది. అమెరికా పౌరుల తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేని దగ్గరి బంధువుల వర్గంలో చేర్చింది. ఒక చట్టం వృద్ధులకు బీమా ఇచ్చింది, మరొకటి వృద్ధులైన తల్లిదండ్రులు వలస వచ్చే తలుపు తీసింది. ఆ తలుపులోంచి వచ్చినవారికి ఆ బీమా ఎప్పుడు అందాలన్న ప్రశ్న మాత్రం తర్వాతి దశాబ్దాల్లో కోర్టుల్లోనూ కాంగ్రెసులోనూ నలుగుతూ వచ్చింది.

మెడికేర్‌లో చేరాలంటే విదేశీయులు శాశ్వత నివాసులై, వరసగా ఐదేళ్లు దేశంలో ఉండి ఉండాలన్న నిబంధనను క్యూబా శరణార్థులు కోర్టులో సవాలు చేశారు. మాథ్యూస్ వర్సెస్ డయాజ్ కేసులో 1976లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఏకగ్రీవంగా సమర్థించింది. దేశంతో బంధం బలపడేకొద్దీ ప్రయోజనాలు పెంచే అధికారం కాంగ్రెసుకు ఉందన్నది జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన తీర్పు సారాంశం. ఐదేళ్ల నియమం నేటికీ చెక్కుచెదరలేదు.

1996 ఆగస్టు 22న బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టం మెడికెయిడ్‌కూ ఐదేళ్ల నిషేధాన్ని విస్తరించింది. అదే ఏడాది వచ్చిన మరో చట్టం, బంధువులను రప్పించుకునే వారు ఇచ్చే పోషణ హామీపత్రాన్ని కోర్టులో అమలు చేయదగిన ఒప్పందంగా మార్చింది. 2010 మార్చి 23న బరాక్ ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ చట్టం వ్యక్తులు సొంతంగా ఆరోగ్య బీమా కొనుక్కునే మార్కెట్‌ప్లేస్‌ను సృష్టించి, పాత జబ్బుల పేరిట బీమా నిరాకరించడాన్ని నిషేధించింది. 2025 జులై 4న డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన బడ్జెట్ చట్టం ఈ సదుపాయాల్లో కొన్నింటిని వలసదారులకు తగ్గించింది.

హోదా ఎలా వస్తుంది

తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టాలంటే సంతానం అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు, హెచ్-1బి వీసాపై పనిచేస్తున్నవారు తల్లిదండ్రులను శాశ్వతంగా రప్పించుకోలేరు. హెచ్-4 ఆధారిత వీసా భార్యకో భర్తకో, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకో తప్ప తల్లిదండ్రులకు వర్తించదు. ఉద్యోగ కోటాలో భారతీయుల గ్రీన్‌కార్డు వరస ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి, తెలుగు ఐటీ కుటుంబాల్లో అమ్మానాన్నలు చాలాకాలం బి-2 సందర్శక వీసా మీదే వచ్చిపోతుంటారు. సాధారణంగా ఒక్కో రాకకు ఆరు నెలల గడువు ఇస్తారు. పిల్లలు పౌరసత్వం తీసుకున్నాక గ్రీన్‌కార్డు దశ మొదలవుతుంది.

గ్రీన్‌కార్డుకు ముందు పిల్లలు ఐ-864 అనే హామీపత్రంపై సంతకం చేయాలి. తమ కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం ఉందని చూపించాలి. తల్లిదండ్రులు పౌరసత్వం పొందేవరకు, లేదా వారి ఖాతాలో 40 త్రైమాసికాల పని జమయ్యేవరకు, లేదా వారు దేశాన్ని శాశ్వతంగా విడిచేవరకు, లేదా మరణించేవరకు ఆ హామీ నిలిచే ఉంటుంది. ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయం తల్లిదండ్రులు పొందితే, ఆ ఖర్చును హామీదారు నుంచి రాబట్టుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది.

సందర్శకుల బీమా

బి-2 వీసాపై వచ్చినవారిని ఆ రాష్ట్ర నివాసులుగా పరిగణించరు. అందువల్ల మార్కెట్‌ప్లేస్, మెడికెయిడ్, మెడికేర్ మూడూ వారికి అందవు. తెలుగువాళ్లు ‘విజిటర్ ఇన్సూరెన్స్’ అని పిలుచుకునే ప్రయాణ వైద్య బీమా ఒక్కటే ఆధారం. దీన్ని అమెరికా సంస్థల దగ్గర కొనవచ్చు, బయల్దేరే ముందు భారతీయ బీమా సంస్థల దగ్గరా తీసుకోవచ్చు. సందర్శక వీసాకు ఇది చట్టరీత్యా తప్పనిసరి కాదు.

ఈ పాలసీలు రెండు రకాలు. స్థిర చెల్లింపు రకంలో ఒక్కో సేవకు ఇంత అని పట్టిక ఉంటుంది: డాక్టరును చూస్తే ఇంత, ఆస్పత్రిలో ఒక రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత. బిల్లు ఎంత పెద్దదైనా సంస్థ ఆ పట్టిక దాటి ఇవ్వదు. సమగ్ర రకంలో డిడక్టబుల్ అనే తొలి మొత్తాన్ని మనం కడితే, ఆపై బిల్లులో పెద్ద వాటాను గరిష్ఠ పరిమితిదాకా సంస్థ భరిస్తుంది. దీని ఆస్పత్రుల నెట్‌వర్క్‌లో రేట్లు ముందే కుదిరి ఉంటాయి. మొదటి రకం ప్రీమియం తక్కువ. కానీ అమెరికా ఆస్పత్రి బిల్లుకూ పట్టికలోని అంకెకూ మధ్య తేడా అంతా కుటుంబం మీదే పడుతుంది. వయసు 70, 80 దాటేకొద్దీ చాలా సంస్థలు గరిష్ఠ పరిమితిని కుదిస్తాయి.

పెద్దవయసు వారి విషయంలో అసలు చిక్కు పాత జబ్బులు. షుగరు, బీపీ, గతంలో వేసిన స్టెంటు, కిడ్నీ సమస్య వంటివి ఈ పాలసీల పరిధిలోకి మామూలుగా రావు. అఫర్డబుల్ కేర్ చట్టం ఇచ్చిన పాత జబ్బుల రక్షణ స్వల్పకాలిక ప్రయాణ బీమాకు వర్తించదు. కొన్ని పాలసీలు పాత జబ్బు ‘హఠాత్తుగా తిరగబెట్టడం’ అనే అంశానికి కొంత రక్షణ ఇస్తాయి. ముందస్తు సూచన లేకుండా ఉన్నట్టుండి లక్షణాలు రావాలి, సాధారణంగా 24 గంటల్లో చికిత్సకు వెళ్లాలి, క్రమంగా ముదిరినదై ఉండకూడదు అనేవి అందులోని షరతులు. వయసు పరిమితి కూడా ఉంటుంది. గుండెపోటు వచ్చాక అది పాత రక్తపోటు ఫలితమా, కొత్తదా అన్న మీమాంస క్లెయిముల్లో తరచూ తలెత్తేది ఈ షరతుల వల్లే. రోజువారీ మందులు, మామూలు పరీక్షలు, పళ్ల వైద్యం, కళ్లజోళ్లు ఇందులో ఉండవు. అందుకే తల్లిదండ్రులు ఉండే నెలలకు సరిపడా మందులను డాక్టరు చీటీతో సహా ఇంటినుంచే తెచ్చుకుంటారు.

తొలి ఐదేళ్లు, మార్కెట్‌ప్లేస్

గ్రీన్‌కార్డు చేతికొచ్చిన రోజు నుంచి ఐదేళ్లు నిండేదాకా ఉండే కాలం అన్నిటికంటే ఇబ్బందికరమైనది. మెడికేర్ దూరంగా ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ దొరకదు, ‘ఇమిగ్రెంట్’ అనగానే చాలా విజిటర్ పాలసీలు తప్పుకుంటాయి. ఈ ఖాళీని 2014 జనవరి నుంచి మార్కెట్‌ప్లేస్ పాలసీలు పూరిస్తున్నాయి.

65 ఏళ్లు దాటినవారికి మార్కెట్‌ప్లేస్ లేదనే అభిప్రాయం బాగా ప్రచారంలో ఉంది. అది సరికాదు. చట్టబద్ధంగా దేశంలో ఉంటూ, మెడికేర్‌లో చేరనివారు ఏ వయసులోనైనా ఈ పాలసీ కొనవచ్చు. పాత జబ్బులను చూపి తిరస్కరించకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు. వయసును బట్టి ప్రీమియం పెంచవచ్చు కానీ, 21 ఏళ్ల వ్యక్తి కట్టే దానికి మూడు రెట్లు మించకూడదు. 64 ఏళ్లకు ఆ గరిష్ఠ స్థాయి చేరాక వయసు పేరిట ఇంకా పెంచడం ఉండదు. న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాల్లో వయసు తేడాయే లేదు. మసాచుసెట్స్‌లో రెండు రెట్లు మించదు. ఏటా నవంబరు 1న నమోదు మొదలవుతుంది. విదేశం నుంచి కొత్తగా వచ్చి అర్హత పొందినవారికి 60 రోజుల ప్రత్యేక గడువు దొరుకుతుంది. అది దాటితే మళ్లీ నవంబరు దాకా ఆగాలి.

ప్రీమియంపై రాయితీ దక్కేదీ లేనిదీ పన్ను కుటుంబాన్ని బట్టి తేలుతుంది. తల్లిదండ్రులను పిల్లలు తమ పన్ను రిటర్నులో ఆధారితులుగా చూపితే, పిల్లల ఆదాయమే లెక్కకు వస్తుంది. జంటగా ఐటీ జీతాలున్న ఇంట్లో అప్పుడు రాయితీ మిగలడం అరుదు. తల్లిదండ్రులు సొంతంగా రిటర్ను వేస్తే వారి ఆదాయాన్నే చూస్తారు. భార్యాభర్తలైతే ఉమ్మడిగా వేయాలి. గ్రీన్‌కార్డుదారులు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నైనా అమెరికాలో చూపాలి కాబట్టి, విజయవాడలోని ఇంటి అద్దె, హైదరాబాద్ బ్యాంకులోని డిపాజిట్ల వడ్డీ కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

అఫర్డబుల్ కేర్ చట్టంలో మొదట వలసదారుల కోసం ఒక మినహాయింపు ఉండేది. ఆదాయం పేదరిక ప్రమాణానికి తక్కువైనా, వలస హోదా కారణంగా మెడికెయిడ్ రాని శాశ్వత నివాసులకు రాయితీ ఇచ్చేవారు. ఆదాయం దాదాపు లేని తల్లిదండ్రులు నామమాత్రపు ప్రీమియంతో బీమా పొందింది దీనివల్లే. 2025 నాటి చట్టం ఈ మినహాయింపును 2026 నుంచి తొలగించింది. 2026 బీమాకు వాడే ప్రమాణం ప్రకారం ఒంటరి వ్యక్తికి ఆ గీత ఏడాదికి 15,650 డాలర్లు, ఇద్దరికి 21,150 డాలర్లు (అలాస్కా, హవాయి మినహా). దానికి కింద ఉన్నవారికి రాయితీ లేదు. మరోవైపు, ప్రమాణానికి నాలుగు రెట్లు దాటినవారికీ సాయం అందించిన 2021 నాటి పెంపు 2025 డిసెంబరు వరకే చట్టంలో ఉంది. ఫలితంగా మధ్యలో ఉన్న ఆదాయాలకే రాయితీ పరిమితమైంది. రాయితీ లేకున్నా పూర్తి ధర కట్టి పాలసీ కొనే హక్కు మాత్రం ఉంది.

ఉద్యోగ బీమా, కాలిఫోర్నియా చట్టం

ఉద్యోగి బీమాలో పిల్లలను 26 ఏళ్లదాకా చేర్చుకునే అవకాశం ఫెడరల్ చట్టం కల్పించింది. తల్లిదండ్రుల ఊసు అందులో లేదు. భారత్‌లో చాలా ఐటీ కంపెనీల గ్రూపు పాలసీల్లో అమ్మానాన్నలను చేర్చుకోవడం మామూలు విషయం. అమెరికా కంపెనీల్లో ఆ అలవాటు లేదు. ఈ విషయంలో ముందడుగు వేసిన రాష్ట్రం కాలిఫోర్నియా. 2021లో గవర్నరు గావిన్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 570 చట్టం ప్రకారం, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత పాలసీ ఉన్నవారు తమపై ఆధారపడ్డ తల్లిదండ్రులను అందులో చేర్చుకోవచ్చు. వారు పన్ను చట్టం ప్రకారం ఆధారితులై, పాలసీ సేవలందే ప్రాంతంలో నివసించాలి. యజమానులు ఇచ్చే గ్రూపు పాలసీలకు ఈ చట్టం వర్తించదు. కంపెనీ బీమా ఉన్న ఉద్యోగులకు అందువల్ల దీని ఉపయోగం తక్కువ.

మెడికెయిడ్, రాష్ట్రాల తేడాలు

మెడికెయిడ్ పేదలకు ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే పథకం. వృద్ధులకు దీని విలువ మరీ ఎక్కువ: దీర్ఘకాలం నర్సింగ్ హోమ్‌లో ఉంచే ఖర్చు, ఇంట్లో సహాయకుల ఖర్చు మెడికేర్ ఇవ్వదు, మెడికెయిడ్ ఇస్తుంది. 1996 తర్వాత వచ్చిన గ్రీన్‌కార్డుదారులకు తొలి ఐదేళ్లు ఫెడరల్ నిధులతో ఇది అందదు. ఐదేళ్ల తర్వాత కూడా హామీపత్రం ఇచ్చిన పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంగా లెక్కగట్టే నియమం అడ్డుపడుతుంది. ప్రాణాపాయ స్థితిలో అందే అత్యవసర మెడికెయిడ్‌కు మాత్రం ఐదేళ్ల నిషేధం వర్తించదు.

ఒకే హోదా ఉన్న ఇద్దరు వృద్ధులకు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు ఫలితం రావచ్చు. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2001లో అలియెస్సా వర్సెస్ నోవెల్లో కేసులో, చట్టబద్ధ వలసదారులకు రాష్ట్ర మెడికెయిడ్ నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటినుంచి అక్కడ ఆదాయం, ఆస్తి పరిమితుల్లో ఉన్న కొత్త గ్రీన్‌కార్డుదారులకూ అది అందుతోంది. కాలిఫోర్నియా 2022 మే నుంచి 50 ఏళ్లు దాటినవారికి, 2024 జనవరి నుంచి అన్ని వయసులవారికి వలస హోదాతో నిమిత్తం లేకుండా తన మెడికెయిడ్ అయిన మెడి-కాల్‌ను తెరిచింది. బడ్జెట్ లోటు వల్ల 2026 జనవరి నుంచి కాగితాలు లేని పెద్దల కొత్త చేరికలు ఆపింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సాస్ ఇందుకు పూర్తి భిన్నం. అక్కడ ఐదేళ్లు గడిచినా శాశ్వత నివాసులు 40 త్రైమాసికాల పని చూపాలి.

మెడికేర్

మెడికేర్‌లో నాలుగు భాగాలున్నాయి. పార్ట్ ఎ ఆస్పత్రి ఖర్చులకు, పార్ట్ బి డాక్టర్లు, పరీక్షలకు, పార్ట్ డి మందులకు. పార్ట్ సి అంటే ఎ, బి రెండూ ఉన్నవారు ప్రైవేటు సంస్థ ద్వారా ఆ సేవలు పొందే ఏర్పాటు.

పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే 40 త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు, అమెరికాలో పనిచేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉండాలి. 2025లో ఒక త్రైమాసికం జమకావడానికి 1,810 డాలర్ల సంపాదన చాలు. ఏడాదికి నాలుగే జమవుతాయి. భార్యాభర్తల్లో ఒకరికి ఈ అర్హత ఉంటే, 65 నిండిన రెండోవారికీ పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది. పిల్లల పని తల్లిదండ్రులకు జమకాదు. భారత్‌లో చేసిన ఉద్యోగమూ లెక్కలోకి రాదు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు.

పని చరిత్ర లేని తల్లిదండ్రులు వరసగా ఐదేళ్లు నివసించాక మెడికేర్ కొనుక్కోవచ్చు. 2025 రేట్ల ప్రకారం పార్ట్ ఎ నెలకు 518 డాలర్లు, 30 నుంచి 39 త్రైమాసికాలు ఉంటే 285 డాలర్లు. పార్ట్ బి 185 డాలర్లు. అంటే పార్ట్ ఎ, బి కలిపి ఒక మనిషికి నెలకు 703 డాలర్లు. పార్ట్ బి ఒక్కటే తీసుకునే వీలుంది. పార్ట్ ఎ ఒక్కటే కొనడం కుదరదు. ఇవి కట్టినా కుటుంబంపై కొంత చేతి ఖర్చు పడుతుంది. 2025లో ఆస్పత్రిలో చేరితే మొదటి 1,676 డాలర్లు, డాక్టరు ఖర్చుల్లో ఏడాదికి 257 డాలర్లు దాటాక 20 శాతం రోగిదే. ఈ మిగిలిన ఖర్చును భరించే మెడిగ్యాప్ పాలసీని, 65 నిండి పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో కొంటే ఆరోగ్య పరీక్ష అడ్డురాదు. మందుల విషయంలో 2022 నాటి చట్టం వల్ల 2025 నుంచి పార్ట్ డి కింద రోగి ఏటా చెల్లించే మొత్తానికి పరిమితి ఏర్పడింది; 2025లో అది 2,000 డాలర్లు.

ఆలస్యంగా చేరితే జరిమానా పడుతుంది. పార్ట్ బిలో అర్హత వచ్చి చేరకుండా గడిచిన ప్రతి పన్నెండు నెలలకు ప్రీమియం 10 శాతం పెరుగుతుంది, ఆ పెంపు బతికినంతకాలం ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ పాలసీ ఉందన్నది దీనికి మినహాయింపు కాదు. ప్రీమియం కట్టి మాత్రమే పార్ట్ ఎ పొందగలవారు మెడికేర్‌కు మారకుండా రాయితీతో మార్కెట్‌ప్లేస్‌లో కొనసాగవచ్చు. అయితే జరిమానా పోగుపడుతుందన్న లెక్క కూడా వేసుకోవాలి.

మెడికేర్‌కు కావలసిన ఐదేళ్ల నివాసం లెక్కకు ప్రయాణాలు అడ్డం వస్తాయి. చలికాలమంతా ఆంధ్ర, తెలంగాణల్లో గడిపి ఎండాకాలానికి తిరిగొచ్చే తల్లిదండ్రులు ఎక్కువ. రాకపోకలు మామూలే అయినా, నెలల తరబడి బయట ఉంటే ‘వరసగా నివాసం’ అన్న షరతుపై ప్రశ్నలు వస్తాయి. ఆరు నెలలు దాటిన గైర్హాజరు పౌరసత్వ దరఖాస్తుకూ ఇబ్బంది. భారత్‌లో ఉన్నప్పుడు చేయించుకున్న వైద్యానికి సాధారణంగా మెడికేర్ చెల్లించదు. సి, డి, ఎఫ్, జి, ఎం, ఎన్ రకాల మెడిగ్యాప్ పాలసీలు విదేశీ ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసర చికిత్సకు, 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు.

పౌరసత్వం వస్తే మెడికెయిడ్‌పై నిషేధం, పిల్లల ఆదాయం కలిపే నియమం రెండూ తొలగుతాయి. పార్ట్ ఎ మాత్రం 40 త్రైమాసికాలు లేకుంటే పౌరులకైనా ఉచితం కాదు. 2025 చట్టం మెడికేర్‌ను పౌరులు, గ్రీన్‌కార్డుదారులు, మరికొన్ని చిన్న వర్గాలకు పరిమితం చేసింది. శరణార్థులు, ఆశ్రయం పొందినవారు దీనివల్ల అర్హత కోల్పోతున్నారు.

బీమా లేనప్పుడు

1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం, మెడికేర్‌లో పాల్గొనే ఆస్పత్రుల అత్యవసర విభాగాలు ఎవరు వచ్చినా పరీక్షించి, ప్రాణాపాయం లేకుండా స్థిరపరచాలి. డబ్బు, బీమా, హోదా అడిగి చికిత్స ఆపకూడదు. ఇది చికిత్సకు హామీయే, ఉచితానికి కాదు. బిల్లు తర్వాత వస్తుంది. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు రాతపూర్వక ఆర్థిక సహాయ విధానం ఉండాలని అఫర్డబుల్ కేర్ చట్టం నిర్దేశించింది, బిల్లు వచ్చాక కూడా దానికి దరఖాస్తు పెట్టవచ్చు. మామూలు వైద్యానికి ఫెడరల్ నిధులు పొందే సామాజిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. వీటిలో మొదటిది 1965 డిసెంబరులో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో తెరుచుకుంది. పేదరిక ప్రమాణానికి రెండింతల ఆదాయం వరకు ఇక్కడ రుసుములో తగ్గింపు ఇస్తారు.

సలహాకు ప్రతి రాష్ట్రంలో షిప్ అనే ఉచిత మెడికేర్ సలహా కార్యక్రమం ఉంది. కాలిఫోర్నియాలో దాన్ని హైక్యాప్ అంటారు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు, కార్యాలయాలు ఇంగ్లీషు రానివారికి దుబాసీని ఉచితంగా సమకూర్చాలి. తెలుగు దుబాసీ కావాలని అడగడం రోగి హక్కు. మనవడితో, మనవరాలితో జబ్బు వివరాలు చెప్పించుకోనక్కర్లేదు.

స్వదేశంలో పాలసీ

వలస వచ్చాక భారత్‌లోని ఆరోగ్య బీమాను ఉంచుకోవడమా, వదులుకోవడమా అన్నది చాలా కుటుంబాల ముందుండే ప్రశ్న. అక్కడి మామూలు పాలసీ అమెరికా ఆస్పత్రి బిల్లు కట్టదు. కానీ మోకాలి ఆపరేషన్, కంటి శుక్లాల వంటి వాయిదా వేయదగిన చికిత్సలకు హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లే అలవాటు ఉన్నందున అది పనికొస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి భారత బీమా నియంత్రణ సంస్థ 65 ఏళ్ల ప్రవేశ పరిమితిని తొలగించింది. పాత జబ్బుల నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించింది. మధ్యలో పాలసీ వదిలేస్తే ఈ నిరీక్షణ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు 29న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ విస్తరణ, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశ్రీ తరహా పథకాలు, విశ్రాంత ఉద్యోగుల వైద్య పథకాలు భారత్‌లోని ఆస్పత్రులకే పరిమితం.

ఇతర దేశాల్లో

కెనడా ఈ సమస్యను వీసా దశలోనే తేల్చుతుంది. తల్లిదండ్రుల కోసం 2011 డిసెంబరులో మొదలైన సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల రక్షణతో ఏడాది వైద్య బీమా చూపాలి. 2022 జులై నుంచి ఒక్కో రాకకు ఐదేళ్లదాకా ఉండవచ్చు. 2025 జనవరి నుంచి, కెనడా నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ బీమా సంస్థల పాలసీలనూ అంగీకరిస్తున్నారు. శాశ్వత నివాసులైన తల్లిదండ్రులకు రాష్ట్ర బీమా అందరితో పాటే అందుతుంది. బ్రిటిష్ కొలంబియా వంటి చోట్ల మూడు నెలలదాకా నిరీక్షణ ఉంటుంది.

ఆస్ట్రేలియాలో శాశ్వత పేరెంట్ వీసా పొందినవారు అక్కడి మెడికేర్‌లో చేరతారు. 2019లో ప్రవేశపెట్టిన ‘సబ్‌క్లాస్ 870’ తాత్కాలిక పేరెంట్ వీసా ఉన్నవారు ప్రైవేటు బీమా ఉంచుకోవాలి. బ్రిటన్ 2012 జులై నుంచి వృద్ధ తల్లిదండ్రుల వలసను బాగా కట్టడి చేసింది. సందర్శకులుగా వచ్చినవారి నుంచి ఆస్పత్రి చికిత్సకు మామూలు ఖర్చులో 150 శాతం వసూలు చేస్తుంది. దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం ఆధారితుల బీమా బాధ్యతను వారిని పిలిపించుకున్నవారిపై పెట్టింది.

వివాదాలు

వలస వృద్ధులు ప్రజాధనంపై భారమన్నది ఒక వాదన. కుటుంబాలు ఏళ్లుగా పన్నులు కడుతున్నాయన్నది దానికి జవాబు. 2013లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2002 నుంచి 2009 వరకు వలసదారులంతా కలిసి మెడికేర్ నిధికి తాము పొందినదానికంటే 11,520 కోట్ల డాలర్లు ఎక్కువ జమ చేశారు. వారిలో ఎక్కువమంది పనిచేసే వయసువారు కావడమే ఇందుకు కారణం. పెద్దవయసులో వచ్చిన తల్లిదండ్రుల లెక్క వేరుగా తీస్తే చిత్రం మారుతుంది కాబట్టి, ఈ అంకెను ఇరుపక్షాలూ తమకు తోచినట్టు చదువుతాయి.

‘పబ్లిక్ చార్జ్’ అంటే ప్రభుత్వంపై ఆధారపడే అవకాశం ఉన్నవారికి గ్రీన్‌కార్డు నిరాకరించే సూత్రం. 1999 మార్గదర్శకాలు నగదు సాయాన్ని, దీర్ఘకాలిక సంస్థాగత సంరక్షణను మాత్రమే లెక్కించాయి. 2020 ఫిబ్రవరిలో అమలైన నిబంధన మెడికెయిడ్‌ను కలిపింది. 2021లో అది రద్దయి, 2022 నిబంధన పాత పద్ధతిని పునరుద్ధరించింది. 2025 నవంబరులో దాని ఉపసంహరణకు ప్రతిపాదన వచ్చింది. 2019 అక్టోబరు 4 నాటి అధ్యక్ష ప్రకటన మరో అడుగు ముందుకేసి, వచ్చిన 30 రోజుల్లో బీమా పొందగలమని చూపనివారికి వలస వీసా ఇవ్వరాదంది. రాయితీతో కొన్న మార్కెట్‌ప్లేస్ పాలసీని అందులో ఒప్పుకోలేదు. కోర్టు నిలుపుదల వల్ల అది అమలు కాకుండా ఉండి, 2021 మేలో ఉపసంహరణకు గురైంది.

నియమాలు ఇంత తరచుగా మారే రంగంలో కుటుంబాల చేతిలో ఉండేది తేదీల లెక్క. గ్రీన్‌కార్డు వచ్చిన రోజు, 60 రోజుల నమోదు గడువు, ఐదేళ్లు నిండే నెల, మెడికేర్‌లో చేరడానికి ఉండే ఏడు నెలల వ్యవధి, పౌరసత్వానికి అర్హత వచ్చే తేదీ. ఇవి ముందే రాసిపెట్టుకున్న ఇంట్లో బీమా ఖాళీ తగ్గుతుంది, జరిమానాలు తప్పుతాయి. తల్లిదండ్రులను రప్పించే దరఖాస్తుతో పాటే ఆ తొలి ఐదేళ్ల ప్రీమియాన్ని కుటుంబ బడ్జెట్‌లో చేర్చుకోవాలని సలహాదారులు చెప్పేది ఇందుకే.